నవ్వినందుకు

ఆ వీడియోను దేశమంతా చివరిదాకా చూసింది. హైమావతి మాత్రం సగంలోనే ఆపేసింది. అందులో నీళ్ళ సీసాను మైకులా పట్టుకుని ఉపన్యాసం దంచుతున్నవాడు ఆమె సొంత తమ్ముడు గురవయ్య. పర్వత రక్షక దళంలో నాయక్. వాడి కాళ్ళ దగ్గర టార్పాలిన్ కప్పిన శవం ఉంది. టార్పాలిన్ పొడవు చాలక శవం కాళ్ళకున్న రబ్బరు బూట్లు బయటికి కనిపిస్తున్నాయి.

"కీర్తిశేషులు పేరు తెలీనాయన గారు," అంటున్నాడు గురవయ్య, సభల్లో పెద్దమనుషుల్లా గొంతు సవరించుకుని. "ఆయన లేని లోటు ఎవరూ పూడ్చలేనిది. ముఖ్యంగా ఆయన కంచరగాడిదకి. పాపం, దానికి రేపట్నుంచి పన్లేదు."

చుట్టూ మంచులో నిలబడ్డవాళ్ళు పగలబడి నవ్వారు. "అందరూ ఒక్క నిమిషం మౌనం పాటించాలి," అన్నాడు హవల్దార్ మస్తాన్ వలి. "గాడిదతో సహా."

ఆ పోయిన ముసలాయన కొండ కింది ఊరివాడు. ఉప్పు బస్తాలు వేసుకుని వెళుతూ పొగమంచులో దారి తప్పి దళం కాపలా చౌకీ వైపు వచ్చాడు. ఆగమని అరిచారు. ఆయనకు చెవుడు, ఆగలేదు. కాల్చేశారు. పొగమంచు వల్ల జరిగిన పొరపాటని తేల్చి ఆ ఫైలు మూసేయడానికి పెద్దగా టైం పట్టలేదు. ఆయన చావు గురించి గట్టిగా అడిగినవాళ్ళు కూడా లేరు. నవ్వు గురించి మాత్రం దేశం అట్టుడికిపోయింది. టీవీల వాళ్ళు నవ్విన మొహాల చుట్టూ ఎర్రగా సున్నాలు చుట్టి పదే పదే చూపించారు. నవ్వినవాళ్ళందరి మీదా కేసు పెట్టారు.

కేసు పని మీద హైదరాబాదు వచ్చిన తమ్ముణ్ణి గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసింది హైమావతి.

"పోయినోడి మీద పరాచికాలేందిరా? మనుషులేనా మీరు?"

"అది మా అలవాటక్కా," అన్నాడు గురవయ్య, బూట్లు విప్పుకుంటూ.

నిజంగానే అలవాటు. రేపు గస్తీలో అందరికంటే ముందు నడవాల్సినవాణ్ణి ఇవాళ కుర్చీలో కూర్చోబెట్టి, మెడలో బ్యాండేజీ గుడ్డతో దండ వేసి, బతికుండగానే వాడికి సంతాపసభ జరుపుతారు. ఒకడు వాడి గురక గురించి మాట్లాడతాడు, ఇంకొకడు వాడు ఎగ్గొట్టిన బీడీల గురించి కంటతడి పెడతాడు. 'ఆయన అడుగుజాడల్లో నడుద్దాం, కానీ కొంచెం వెనగ్గా' అని ఎవడో ఒకడు అంటాడు. కుర్చీలో ఉన్నవాడు కడుపు పట్టుకుని నవ్వి, దండ తీసేసి పోయి పడుకుంటాడు. ఒకసారి సంతాపం అయిపోయినవాడి దగ్గరికి చావు మళ్ళీ రాదని మస్తాన్ వలి మొదలుపెట్టిన ఆచారం అది. నమ్మకమో వేళాకోళమో వాళ్ళకే తెలియదు. నవ్వకుండా మాత్రం ఎవడూ గస్తీకి వెళ్ళేవాడు కాదు.

"మీలో మీరు ఏం చేసుకుంటారో మీ ఇష్టం," అంది హైమావతి. "ఆ ముసలాయన మీ జట్టువాడు కాదు గదరా. ఆయన మనవరాలు కూడా చూసిందంట ఆ వీడియో. బూట్లు చూసి గుర్తుపట్టిందంట."

గురవయ్య చేతిలోని బూటు కింద పెట్టాడు. 

"కాల్చింది నేనే అక్కా. ఆ పూట కాపలా నాది," అన్నాడు. "పోయి చూస్తే ఉప్పు. మంచు మీద ఉప్పు పోయుంది. నాకింక కాళ్ళు లేవలా. తుపాకీ నావైపే తిప్పుకుంటానని మస్తానన్నకి భయమేసింది. సీసా నా చేతిలో పెట్టి, మాట్లాడరా, నువ్వే మాట్లాడాల అన్నాడు. మాట్లాడినా. వాళ్ళు నవ్వారు. నవ్వినాక లేచి నిలబడగలిగినా. తప్పే. కాదనను."

హైమావతి కోపం సగం చల్లారింది. మిగతా సగాన్ని ఎప్పుడూ చూడని ఆ మనవరాలి తరఫున అలాగే ఉంచుకుంది.

డాక్టరు హైమావతి పనిచేసేది మెదడు మీద పరిశోధనలు చేసే ఓ సంస్థలో. వీడియో గొడవ చల్లారకముందే డైరెక్టరు సర్వోత్తమరావు ఆమెను పిలిచాడు. మూర్ఛ రోగుల కోసం ఆమె చేసిన పట్టీ ఒకటుంది. చెవి వెనక చర్మం కింద అమర్చే బియ్యపుగింజంత పరికరం, దానిమీద ఓ పల్చటి బిళ్ళ. మెదడులో రాబోయే కుదుపును ముందే పసిగట్టి అణచేస్తుంది. అదే పట్టీతో, శవం ఎదురుగా ఉన్నప్పుడు పుట్టే నవ్వును అణచవచ్చా అన్నది పై వాళ్ళ ప్రశ్న.

"మామూలు నవ్వు జోలికి పోవద్దు," అన్నాడు సర్వోత్తమరావు. "పిల్లల్తో నవ్వుకోమనండి, సినిమాలు చూసి నవ్వుకోమనండి. చావు దగ్గర మాత్రం నవ్వకూడదు. పట్టీ వేయించుకోవడానికి ఒప్పుకున్నవాళ్ళ మీద కేసు పక్కన పెడతారట. మీ తమ్ముడు కూడా ఉన్నాడు కదమ్మా అందులో?"

ఉన్నాడు. అందుకే హైమావతి రాత్రీ పగలూ దానిమీదే కూర్చుంది. కేసు నడిస్తే గురవయ్యకు ఉద్యోగం పోతుంది, జైలు కూడా తప్పదు. ఆరేళ్ళ కూతురు లాస్య, భార్య నాగేంద్రమ్మ రోడ్డున పడతారు. పైగా ఆ మనవరాలికి తాను చేయగలిగిన న్యాయం కూడా ఇదేననిపించింది హైమావతికి. ఒక్క దెబ్బకు రెండూ తీరిపోతాయనుకుంది.

దళంలో మొదటి పట్టీ గురవయ్యకే వేసింది.

"ఏందక్కా ఇది, తాయెత్తా?"

"నోర్మూసుకుని తల వంచు."

పెళ్ళి ఊరేగింపులో గుర్రం మీంచి జారి పందిట్లో పడ్డ పెళ్ళికొడుకు వీడియో చూపించింది. గురవయ్య కిందా మీదా పడి నవ్వాడు. తర్వాత యుద్ధంలో తీసిన ఓ శవం ఫోటో పెట్టి, "దీని గురించి సభలో ఏం మాట్లాడతావో మాట్లాడు," అంది. వాడు గొంతు సవరించుకున్నాడు. నోరు తెరిచాడు. పెదవి ఓ పక్కకు లేచి, మళ్ళీ మామూలుగా సర్దుకుంది.

"రావట్లా," అన్నాడు ఆశ్చర్యంగా. "మాట గుర్తుంది. నవ్వే రావట్లా."

"నెప్పిగా ఉందా?"

"ఏమీ లేదు. తుమ్ము వచ్చి పోయినట్టుంది." చెవి వెనక తడుముకున్నాడు. "నువ్వు లాస్యకే అత్తవనుకున్నా. ఇక మా దళం మొత్తానికి అత్తగారివి. నవ్వితే ఒప్పుకోవు."

ఆ మాటకు ఇద్దరూ నవ్వారు. పరికరానికి అత్తగారు అన్న పేరే దళంలో ఖాయమైంది. అది వాడే కొద్దీ నేర్చుకుంటుందనీ, నవ్వు ఎక్కడ పుడుతుందో వెతుక్కుంటూ ఒక్కో మెట్టూ వెనక్కి వెళుతుందనీ హైమావతి తన నివేదికలో గొప్పగా చెప్పుకుంది. ఆ ఒక్క గుణం తమ కొంప ముంచుతుందని ఆ రోజు ఆమెకు తట్టలేదు.

మొదట్లో అంతా బాగానే ఉంది. వీడియోలు లేవు, ఫిర్యాదులు లేవు. సర్వోత్తమరావు కనిపించినప్పుడల్లా చేతులు జోడించేవాడు. గురవయ్య వారం వారం ఫోను చేసేవాడు. సంతాపసభ ఒకసారి జరిపి చూశారట. మస్తాన్ వలి కుర్చీలో కూర్చున్నాడు. అందరూ మాట్లాడారు. ఎవరికీ నవ్వు రాలేదు. ఆయన దండ తీసి మడతపెట్టి, నిజంగానే చచ్చిపోయినట్టుందిరా అని లేచి వెళ్ళిపోయాడట. ఆ తర్వాత ఎవరూ సభ పెట్టలేదు.

"పోనీలేరా, పీడా పోయింది," అంది హైమావతి.

తర్వాత తర్వాత ఫోనులో వాడి గొంతు బాగా స్థిమితపడింది. వెనకటిలా మాట మధ్యలో ఆగిపోవడాలు లేవు. నిద్ర పడుతోందా అంటే బ్రహ్మాండంగా పడుతోందనేవాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం ఆమె పప్పు పోపు పెట్టుకుంటూ ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, "ఇంకేంట్రా విశేషాలు?" అంది.

"ఏమీ లేవక్కా. చలి తగ్గింది. మస్తానన్న పోయాడు. కొత్త బూట్లు ఇచ్చారు, కొంచెం బిగుతు."

పోపు మాడిపోయింది. "ఏందిరా? మస్తాన్ పోయాడా? ఎప్పుడు? ఎట్టా?"

"మందుపాతర. మొన్న," అన్నాడు గురవయ్య. "బూట్లు మార్చుకోవచ్చంటలే."

తట్టుకోలేక అలా మాట్లాడుతున్నాడనుకుంది. దుఃఖాన్ని దిగమింగుకుంటున్నాడనుకుంది. మనం చేసిన వస్తువు చెడ్డదని ఎవరికి మాత్రం అనుకోబుద్ధవుతుంది? ఆ పూట ఆమె మస్తాన్ వలి కోసం ఏడ్చి, మాడిన పోపు పారబోసి, ఆ మాట అక్కడితో వదిలేసింది.

చైత్రం వెళ్ళాక గురవయ్య సెలవు మీద వచ్చాడు. వచ్చిన మర్నాడే వాళ్ళ మేనమామ కొండలరావు గుండె ఆగి పోయాడు. తండ్రి లేని పిల్లలిద్దరినీ ఆయనే పెంచాడు. గురవయ్యను భుజాన వేసుకుని బజారంతా తిప్పినవాడు, పటాలంలో చేరతానంటే అడ్డంపడి ఏడ్చినవాడు. హైమావతి వెళ్ళేసరికి కొండలరావును హాల్లో చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర దీపం పెట్టారు. అత్తయ్య గోడకు ఆనుకుని శోకాలు పెడుతోంది. చుట్టూ ఆడవాళ్ళు కూర్చున్నారు.

గురవయ్య ఫోను చూసుకుంటూ లోపలికి వచ్చాడు. గది నలుమూలలా చూశాడు. స్విచ్ బోర్డు కొండలరావు కాళ్ళ పక్కనే గోడకు కిందుగా ఉంది. వాడు వంగి, రెండు చేతులతో శవం కాళ్ళు పట్టుకుని ఇంత పక్కకు జరిపి, ఛార్జరు గుచ్చి, ఫోనును ఆయన పాదాల మీద ఆనించాడు. కింద పడకుండా ఉంటుందని.

అత్తయ్య ఏడుపు ఆగిపోయింది. 

"ఒరే!" అని అరిచాడు కొండలరావు పెద్దకొడుకు. మీదికి వచ్చి గురవయ్య కాలరు పట్టుకున్నాడు. గురవయ్య ఎదురు తిరగలేదు. ఏం తప్పు చేశానా అన్నట్టు అందరి మొహాలూ చూశాడు. "ఛార్జింగు లేదు," అన్నాడు.

నాగేంద్రమ్మ మొగుణ్ణి రెక్క పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. వెంట వచ్చిన హైమావతిని చూసి ఏడుస్తూ విరుచుకుపడింది.

"చూసినావా వదినా? వచ్చిన కాణ్ణించీ ఇదే. లాస్య పెంచుకునే కోడిపెట్ట చచ్చిపోతే అది గుండెలు బాదుకుని ఏడస్తా ఉంటే, ఈయన దాన్ని తీసుకొచ్చి, కూరకి పనికొస్తదా అని అడిగినాడు. ఎగతాళికి కాదు వదినా. ఎగతాళి అయితే నేను తంతాను, తిడతాను. ఉత్తినే అడిగినాడు. బిడ్డ వాళ్ళ నాయన దగ్గరికి పోవడం మానేసింది."

ఎగతాళికి కాదు. ఆ మాట హైమావతికి ముల్లులా దిగింది. దినం అవ్వకముందే తమ్ముణ్ణి సంస్థకు తీసుకెళ్ళి మెదడు చిత్రాలు తీసే యంత్రంలో పడుకోబెట్టింది. వాడి కళ్ళ ముందున్న తెర మీద ఒకదాని తర్వాత ఒకటి ఫోటోలు వేసింది. కుర్చీ. లాస్య. గేదె. బకెట్టు. కొండలరావు బతికున్నప్పటి ఫోటో. చాప మీద దీపం పక్కన పడుకోబెట్టిన కొండలరావు.

లాస్య ఫోటోకు మెదడులో దీపాలు వెలిగినట్టు వెలిగింది. నవ్వుతున్న మామకూ వెలిగింది. చాప మీది మామకు వచ్చిన గీతను ఆమె రెండుసార్లు చూసుకుంది. కుర్చీకీ బకెట్టుకూ వచ్చిన గీతే అది.

ఇంతకాలం ఆమె చివర వచ్చే నవ్వునే చూసింది, అది ఎక్కడ మొదలవుతుందో చూడలేదు. పరికరం నవ్వును పట్టుకునే పనిలో ఒక్కో మెట్టూ వెనక్కి జరిగింది. నవ్వుకు ముందు ఓ వణుకు ఉంటుంది. ఆ వణుకుకు ముందు, ఎదురుగా పడి ఉన్నది నాలాంటి మనిషే, పోయాడు అన్న ఎరుక ఉంటుంది. ఆ ఎరుక లేనిదే నవ్వూ రాదు, ఏడుపూ రాదు, తుపాకీ మీద వేలూ ఆగదు. నవ్వును అణచడానికి అన్నిటికంటే సులువైన దారి ఆ ఎరుకనే పుట్టనివ్వకపోవడమని పరికరం కనిపెట్టింది. ఆ ముసలాయన శవం దగ్గర వీళ్ళు పగలబడి నవ్వారంటే, పోయింది మనిషని వాళ్ళకు అంత బాగా తెలిసింది కాబట్టి. 

హైమావతి పరుగున వెళ్ళి సర్వోత్తమరావుకు చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అంటే ఇప్పుడు వాళ్ళు తడబడటం లేదన్నమాట," అన్నాడు.

"సార్, వాళ్ళకి మనిషి కనిపించడం లేదు. పట్టీలన్నీ వెంటనే తీసేయాలి."

"అమ్మా, పై వాళ్ళు ఎంత సంతోషంగా ఉన్నారో మీకు తెలియదు. దళాలన్నిటికీ వేయమంటున్నారు. మీరు కోరినదానికంటే బాగా పనిచేస్తుంటే తీసేయమంటారేమిటి?" ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు. "మీ తమ్ముడి కేసు పక్కన పెట్టారే గాని కొట్టేయలేదు. పట్టీ ఉన్నంతకాలమే ఆ వెసులుబాటు. ఆలోచించుకోండి."

ఆలోచించుకుంది. ముందు తమ్ముణ్ణే అడగాలనుకుంది. ఇంటి డాబా మీద, నీరెండలో నాగేంద్రమ్మ ఆరేసిన వడియాల పక్కన కూర్చోబెట్టి, "అక్కడ ఏం జరిగిందిరా? పట్టీ వేసినాక?" అని అడిగింది.

గురవయ్య దాచలేదు. దాచడానికి వాడికి కారణం కనిపించలేదు.

"ఒకింట్లో దాక్కున్నారని చెప్పారు. పోయినాం. తలుపు కొడితే తియ్యలా. తలుపు పగలగొట్టి లోపలికి పోయి, ఉన్నోళ్ళని కాల్చినాం. నలుగురు. మేం వెతికేవాళ్ళు కాదు, ఇల్లు తప్పు. ఒక ఆడమనిషి, ఇద్దరు ముసలోళ్ళు, లాస్యంత పిల్ల ఒకతి. పొయ్యి మీద రొట్టె ఉంది, వేడిగా. మాడిపోతుందని తీసి తిన్నాం." వడియం ఒకటి తీసి ఎండిందో లేదో విరిచి చూశాడు. "పైనుంచి మెచ్చుకున్నారు, రచ్చ కాకుండా పని కానిచ్చారని. నాకు ప్రమోషను కూడా రాసారంట."

 మెట్ల మీద నిలబడి వింటున్న నాగేంద్రమ్మ చేట పట్టుకున్నది పట్టుకున్నట్టే నిలబడిపోయింది.

"ఇది తీసేస్తే అదంతా నీకు తెలుస్తదిరా," అంది హైమావతి, వాడి చెవి వెనక చెయ్యి వేసి. "ఒక్కసారిగా తెలుస్తది. కేసు తిరగదోడతారు. జైలుకి పంపుతారు. తియ్యమంటావా?"

"నీ ఇష్టం అక్కా," అన్నాడు గురవయ్య. నిజంగానే వాడికి రెండూ ఒకటే.

ఉంచితే వాడు హాయిగా ఉంటాడు. సెలవు అయిపోగానే కొండల మీదికి వెళ్ళి, ఇంకో ఇంటి తలుపు కొడతాడు. తీస్తే వాడు బతుకుతాడో లేదో తెలియదు. తల్లి ప్రాణం పోతూ చేతిలో పెట్టి వెళ్ళిన తమ్ముడు. హైమావతి నాగేంద్రమ్మ వైపు చూసింది.

"తియ్యి వదినా," అంది నాగేంద్రమ్మ, పెదవి కొరుక్కుని. "ఏడ్చేవాడైనా సరే, నా మొగుణ్ణి నాకు ఇయ్యి. ఈ మనిషి పక్కన నేను పడుకోలేను."

ఎవరి అనుమతీ అడగకుండా, పరికరాల పెట్టె ఇంటికి తెచ్చి, హైమావతి తన చేతులతోనే పట్టీ తీసింది. గాయానికి చిన్న ప్లాస్టరు వేసింది. గురవయ్య కొంచెం మంచినీళ్ళు అడిగాడు. తాగాడు. గ్లాసు నాగేంద్రమ్మకు ఇచ్చి, కాసేపు గోడ వైపు చూశాడు.

"మామ పోయాడు కదక్కా," అన్నాడు.

"పోయాడురా."

"నేను ఆయన కాళ్ళ మీద..." ఆగిపోయాడు. రెండు చేతులూ తన మొహం ముందు పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. "మస్తానన్న నా చేతుల్లోనే పోయాడక్కా. ఏదో చెప్పబోయాడు. నేను ఆయన జేబులో బీడీలు తీసుకున్నా." ఒళ్ళంతా వణకడం మొదలైంది. ఉన్నట్టుండి లేచి పెరట్లోకి పరిగెత్తి భళ్ళున కక్కుకున్నాడు. ఎప్పుడో తిన్న రొట్టెను ఇప్పుడు కక్కడానికి పేగులు బయటికి వచ్చేలా ప్రయత్నించాడు. హైమావతి వెనకనుంచి నుదురు పట్టుకుంది.

"ఆ పిల్ల మంచం కిందకి దూరింది," అన్నాడు ఊపిరి అందక. "నేనే వంగి చూసినా. నన్ను చూసిందక్కా. చూసింది. మళ్ళీ పెట్టు. అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా, అది మళ్ళీ పెట్టు."

"పెట్టనురా."

"నువ్వు నా అక్కవేనా? పెట్టవే!"

హైమావతి పెట్టలేదు. వాడు ఆమెను తిట్టాడు, గోళ్ళతో రక్కాడు, చివరికి ఆమె చీర కుచ్చిళ్ళలో మొహం పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమెకు తన మీద తనకు అసహ్యం పుట్టింది. తమ్ముడి ఏడుపు విని కొంచెం ప్రాణం కుదుటపడింది కూడా. ఆ రెండూ ఒకేసారి కలిగినందుకు సిగ్గుపడింది.

కొన్నాళ్ళకు గురవయ్య కొంత తేరుకున్నాడు. తేరుకోగానే తనంతట తానే వెళ్ళి ఆ నలుగురి గురించి వాంగ్మూలం ఇచ్చాడు. ఆ వాంగ్మూలం ఏమైందో ఎవరూ చెప్పలేదు. పట్టీ తీయించుకున్నందుకు వీడియో కేసు మాత్రం చెప్పినట్టే తిరగదోడారు.

విచారణ గది చల్లగా, శుభ్రంగా ఉంది. ముగ్గురు అధికారులు బల్ల వెనక కూర్చున్నారు. వాళ్ళలో పెద్దాయన నెమ్మదస్తుడిలా ఉన్నాడు, గురవయ్యను కూర్చోమని కుర్చీ కూడా చూపించాడు. శవం పక్కన నిలబడి నవ్వి, నవ్వించి, దళం పరువు తీసినట్టు నేరారోపణ చదివారు.

"ఒప్పుకుంటున్నావా?"

"ఒప్పుకుంటున్నా సార్," అన్నాడు గురవయ్య. "ఆ ముసలాయన ఇంటోళ్ళు వచ్చి చెప్పుతో కొట్టినా పడతా. కానీ సార్, ఆ ఇంట్లో నలుగురి సంగతి? అది కూడా నేను చెప్పినా గదా."

పెద్దాయన పక్కనున్నాయన వైపు చూశాడు. ఆయన ఏవో కాగితాలు తిరగేశాడు.

"దానిమీద ఫిర్యాదేమీ లేదు," అన్నాడు. "అక్కడ ఎవరూ నవ్వినట్టు లేదు."

హైమావతిని నిపుణురాలిగా పిలిచారు. పట్టీ వేసుకున్న దళాల్లో ఈ ఏడాదిలో ఎవరైనా శవాల దగ్గర నవ్విన సంఘటన ఉందా అని అడిగారు.

"లేదు సార్," అంది హైమావతి. "నవ్వలేదు, ఏడవలేదు, ఎవరూ ఒక్క క్షణం ఆగలేదు కూడా. దయచేసి అది కూడా రాసుకోండి. నేను చేసిన వస్తువు తప్పు సార్. దాన్ని ఆపేయండి."

"అడిగినదానికి చెప్పారు, చాలమ్మా," అన్నాడు పెద్దాయన మర్యాదగా. నవ్వలేదు అన్నంతవరకే రాసుకున్నారు. పరికరం సంస్థ సొత్తు కనుక దాన్ని ఆపమనే హక్కు ఆమెకు లేదని కూడా మర్యాదగానే చెప్పారు. కొత్తగా వేల మందికి వేయబోతున్నారని, ఆమె పేరు బహుమతికి వెళ్ళిందని సర్వోత్తమరావు పొద్దున్నే చెప్పాడు.

గురవయ్యకు ఉద్యోగం తీసేసి, ఏడాది జైలు వేశారు. ఇద్దరు సిపాయిలు వాణ్ణి తీసుకుని బయలుదేరారు. నాగేంద్రమ్మ గది బయట లాస్యను ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. హైమావతి పక్కనుంచి వెళుతూ గురవయ్య ఆగాడు. చిక్కిపోయాడు. కళ్ళ కింద నల్లగా గుంటలు పడ్డాయి. 

"అక్కా, నాగేంద్రమ్మకి జాగర్తలు చెప్పు," అన్నాడు వాడు.

"చెప్తానురా. నేను చూసుకుంటా, నువ్వు బెంగపడమాక."

"అది కాదు. మీ ఆయన నలుగుర్ని చంపితే ప్రమోషను రాసారు, ఒక్కసారి నవ్వితే జైల్లో పెట్టారని చెప్పు. చుట్టాలు వచ్చినప్పుడు పొరపాటున నవ్వొస్తే తలుపు గడియ పెట్టుకోమను. వంటింట్లో కత్తిపీట మాత్రం బయటే ఉంచినా పర్లేదంట."

అది నవ్వే మాట కాదు. అందులో ఆ పిల్ల ఉంది, ఉప్పు మోసిన ముసలాయన ఉన్నాడు, మస్తాన్ వలి ఉన్నాడు. హైమావతి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. కడుపులోంచి తన్నుకొచ్చింది. ఆ చల్లటి గదిలో, ముగ్గురు అధికారుల ముందు, ఆమె పగలబడి నవ్వింది. గురవయ్య ఆమెనే చూస్తున్నాడు. వాడి పెదవి వణుకుతోంది.

బల్ల వెనక పెద్దాయన తలెత్తాడు. ఆ వీడియో చూసినప్పుడు దేశం మొహం ఎలా అయిందో ఆయన మొహం అలాగే అయింది.

"డాక్టరుగారూ," అన్నాడు. "మనుషులు పోయిన విషయం మాట్లాడుకుంటున్నాం. నవ్వుతారేమిటి?"

"తెలుసండీ," అంది హైమావతి. కన్నీళ్ళు బుగ్గల మీదుగా గడ్డం దాకా కారుతున్నా నవ్వు ఆగడం లేదు. "పోయారని తెలుసండీ నాకు."